పిక్క రేటు తెలియనప్పుడు పప్పు రేటు రాసుకోవడం ఎలా: జీడిమిల్లు ఒప్పందాల్లో ఏది ఎవరికి

మా బావమరిదికి ఒడిశాలోని పర్లాకిమిడి దగ్గర చిన్న జీడిమిల్లు ఉంది. కొన్నేళ్ల కిందట ఒక మార్చి నెలలో ఫోన్ చేసి, "బావా, పెద్ద పార్టీ దొరికింది. ఏడాదంతా ఒకటే రేటు, నెలకి ఇన్ని టిన్నులని రాసేసుకున్నాం. ఇంక రోజూ మార్కెట్ చూసుకునే బాధ లేదు" అన్నాడు. కాగితం వాట్సాప్‌లో పంపాడు. ఒకటిన్నర పేజీ. ధర ఉంది, పరిమాణం ఉంది, ఆలస్యమైతే ఎంత కోస్తారో ఉంది. పిక్కల (పెంకుతో ఉండే ముడి జీడి) ఊసే లేదు. అప్పటికి వాడి గోడౌన్లో ఉన్నవి ఒక నెలకి సరిపడే పిక్కలు కూడా కావు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది.

దసరాకి ఏమైందో ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లకి చెప్పనక్కర్లేదు. బస్తా రేటు ఎక్కింది. వాడు కొన్నాళ్లు నష్టానికే సరుకు పంపాడు, ఆ తర్వాత గుండులో (విరగని పప్పులో) బద్ద (రెండుగా విడిపోయిన పప్పు) కలపడం మొదలెట్టాడు, ఆ తర్వాత టిన్నులు వెనక్కి వచ్చాయి. కొన్నవాడూ బాగుపడలేదు. దీపావళి నెత్తి మీదికి వచ్చాక బయట దొరికిన రేటుకి కొనుక్కోవాల్సి వచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు దొంగ అనుకున్నారు. నా లెక్కలో ఇద్దరూ దొంగలు కారు.

నేను బరంపురంలో లెక్కలు రాసుకు బతికేవాణ్ణి. ఆ గొడవ తర్వాత జీడి, అప్పడాలు, పచ్చళ్ల వాళ్ల ఒప్పందాలు తరచూ నా బల్ల మీదికి వస్తున్నాయి. సంతకం పెట్టే ముందు ఏ రకం కాగితం ఎవరికి పనికొస్తుందో నాకు అర్థమైనంత రాస్తున్నాను. ఉదాహరణలన్నీ జీడివే. పచ్చడివాళ్లు పిక్క అన్న చోట మిరప అనీ నూనె అనీ చదువుకోవచ్చు.

ముందు ఖర్చుని మూడు ముక్కలు చేయండి

జీడి లెక్క అంతా 80 కిలోల బస్తాతో నడుస్తుంది. బస్తా పిక్కల నుంచి ఎంత పప్పు దిగుతుందన్నదే ఔట్‌టర్న్. దిగుమతి సరుకులో దాన్ని పౌండ్లలో చెబుతారు. 48 పౌండ్ల సరుకంటే బస్తాకి దాదాపు 22 కిలోల పప్పు.

లెక్క తేలిగ్గా ఉండాలని కొన్ని అంకెలు అనుకుందాం. ఇవి ఇవాళ్టి మార్కెట్ రేట్లు కావు. బస్తా 11,000 రూపాయలు. 22 కిలోలు దిగితే కిలో పప్పుకి పిక్క ఖర్చు 500. ఉడకబెట్టడం, కోత, డ్రైయర్, పీలింగ్, గ్రేడింగ్, టిన్ను, కరెంటు అన్నీ కలిపి కిలోకి 100. మొత్తం 600. అమ్మకం ధర 640. కిలోకి 40 మిగులు.

ఇప్పుడు బస్తా పది శాతం పెరిగి 12,100 అయిందనుకోండి. పిక్క ఖర్చు 550 అవుతుంది, కిలోకి 10 నష్టం. పది శాతానికే 40 లాభం పోయి ఎదురు పెట్టాల్సి వచ్చింది. మరో సంగతి అనుకుందాం. బస్తా 11,000 దగ్గరే ఉంది కానీ 22 బదులు 20 కిలోలే దిగాయి. పిక్క ఖర్చు మళ్లీ 550. అదే 10 నష్టం.

మిల్లువాడి జేబుకి రెండూ ఒకటే. కొనేవాడి కంటికి ఒకటి కావు. బస్తా రేటు పెరిగిన సంగతి పలాసలో, కాశీబుగ్గలో ఎవరికి ఫోన్ చేసినా తెలుస్తుంది. బస్తాకి 20 కిలోలే దిగాయన్నది మిల్లువాడు చెబితేనే తెలుస్తుంది, నమ్మాలో వద్దో తెలియదు. "ఖర్చులు పెరిగాయండీ, రేటు పెంచండి" అని మిల్లువాడు అడిగినప్పుడు కొనేవాడికి కలిగే అనుమానమంతా ఇక్కడ పుట్టిందే.

దిగుబడిని కూడా ఇంకోసారి విడగొట్టొచ్చు. పిక్కలో అసలు ఎంత పప్పు ఉందన్నది ఆ లాటు గుణం. కటింగ్ టెస్టుతో అది తేలిపోతుంది. బస్తాల నుంచి అక్కడక్కడా తీసి కలిపిన కిలో నమూనా కోసి, పనికొచ్చే పప్పు తూస్తారు. 272 గ్రాములొస్తే అది 48 పౌండ్ల సరుకు. ఇద్దరి ముందూ కోస్తే ఇద్దరికీ తెలిసినట్టే. ఆ పప్పులో ఎంత గుండుగా వచ్చింది, ఎంత బద్దయింది, ఎంత ముక్కయిందన్నది మాత్రం మిల్లు పనితనం. ఉడకడం ఎక్కువైనా, కటింగ్ మిషన్ బ్లేడు సర్దకపోయినా, ఆరబెట్టడం తేడా వచ్చినా గుండు విరిగిపోతుంది. దాన్ని బయటివాడు కొలవలేడు, సరిచేయలేడు.

మొత్తం మూడు ముక్కలు: బజారు చేతిలో ఉన్నది, లాటులో ఉన్నది, మిల్లు చేతిలో ఉన్నది. మొదటిదాన్ని సూత్రంలో పెట్టాలి, రెండోదాన్ని ఇద్దరి ముందూ కోసి చూడాలి, మూడోది మిల్లు నెత్తినే ఉండాలి. నేను చూసిన చెడ్డ ఒప్పందాలన్నింటిలో ఈ మూడింటినీ ఒకే మూటలో కట్టేశారు. ఇక కింద చెప్పే ఒక్కో రకం కాగితాన్నీ ఈ కొలతతోనే చూద్దాం.

ఒకే ధర

అందరికీ తెలిసిన రకం. కిలో 640, ఏడాదంతా. మూడు ముక్కలూ మిల్లు మీదే. దీని గొప్పతనం ఒకటుంది: ప్రతి రూపాయి ఆదా మిల్లువాడిదే కాబట్టి జాగ్రత్తగా పనిచేస్తాడు. లెక్కలు చూపించక్కర్లేదు, ఒకరి పుస్తకాలు ఒకరు తిప్పక్కర్లేదు.

కొనేవాళ్లు దీన్ని ఇష్టపడతారు, బడ్జెట్ తేలిపోతుందని. ఆ నిశ్చింత మాత్రం ఉచితంగా రాదు. తెలివైన మిల్లువాడు పిక్క రేటు ఎక్కే భయాన్ని ముందే ధరలో కలిపి 640 బదులు 670 అంటాడు. తెలివితక్కువవాడు కలపడు, మధ్యలో చేతులెత్తేస్తాడు. రెండో రకంవాడి కొటేషనే తక్కువగా ఉంటుంది కాబట్టి మనం వాడినే ఎంచుకుంటాం. చౌకగా వచ్చిందని మురిసిపోయే ముందు, రేటు పది శాతం ఎక్కితే వీడు నిలబడగలడా అని ఒకసారి చూసుకోవాలి.

ఇంకో సంగతి. ధర బిగించేస్తే ఒత్తిడి ఎక్కడికీ పోదు, నాణ్యతలోకి దిగుతుంది. మా బావమరిది చేసింది అదే. కాబట్టి ఒకే ధర రాసుకునేవాళ్లు నాణ్యత గురించి రెండింతలు రాసుకోవాలి. ఏ గ్రేడు (డబ్ల్యూ 320 అంటే పౌండుకి 300 నుంచి 320 గుండ్లు), విరుగుడు ఎంత శాతం దాటకూడదు, తేమ 5 శాతం లోపు, ఎక్కడ తూస్తారు, ఎవరు తూస్తారు, తేడా వస్తే కోత ఎంత, వెనక్కి పంపితే బండి కిరాయి ఎవరిది.

అలాగని ఒకే ధర పనికిరాదనను. సంతకం ఎప్పుడు పెడుతున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. మన వైపు తోటల పిక్క మార్చి నుంచి మే దాకా వస్తుంది. జూన్ నాటికి ఏడాది సరుకు గోడౌన్లో పడిందనుకోండి, ఇక తెలియని బస్తా రేటంటూ ఏదీ లేదు. జూన్‌లో పెట్టే ఒకే ధర సంతకం వ్యాపారం. మార్చిలో పెట్టేది జూదం.

జూన్‌లో పెట్టినా ఒక ఖర్చు మర్చిపోకూడదు, వడ్డీ. 11,000 బస్తాని బ్యాంకు అప్పుతో కొని ఏడాదికి 12 శాతం కడుతుంటే నెలకి 110. కిలో పప్పుకి సరిగ్గా 5 రూపాయలు. ఆరు నెలలు నిల్వ ఉంచి డిసెంబరులో ఇచ్చే పప్పు మీద 30. మన 40 లాభంలో మిగిలింది 10. జూన్ పప్పుకీ డిసెంబరు పప్పుకీ ఒకే ధర రాసుకున్న మిల్లువాడు ఏడాది చివర్లో "అమ్మకాలు బాగున్నాయి కానీ డబ్బులేవీ" అని నా దగ్గరికి వస్తాడు. నెలకి కిలోకి 5 చొప్పున మెట్లు పెట్టుకుంటే సరిపోతుంది. కొనేవాళ్లు కూడా దీనికి పెద్దగా అడ్డుచెప్పరు.

ఖర్చు మీద ఇంత శాతం

అయినంత ఖర్చు, దాని మీద పది శాతం. వినడానికి ధర్మంగా ఉంటుంది. చుట్టాల మధ్య ఎక్కువగా కనిపించే ఒప్పందమిది. నా సలహా: శాతం రూపంలో ఎప్పుడూ వద్దు.

ఖర్చు 600 అయితే లాభం 60. బాయిలర్ సరిగ్గా చూసుకోక ఖర్చు 650 అయితే లాభం 65. అజాగ్రత్తకి బహుమానం ఇస్తున్నట్టు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వం ఇలాంటి ఒప్పందాలతో చేతులు కాల్చుకుని, తర్వాత తన కొనుగోళ్లలో ఖర్చు మీద శాతం అన్న పద్ధతినే నిషేధించింది. ఆ నిషేధం ఇప్పటికీ ఉంది.

శాతం బదులు ఖర్చు మీద కిలోకి 40 అని స్థిరంగా రాసుకుంటే కొంత నయం. అప్పుడు దుబారా చేయాలన్న ఆశ ఉండదు, ఆదా చేయాలన్న పట్టుదలా ఉండదు. ఇంకాస్త మెరుగైంది సగం సగం. అనుకున్న ఖర్చు 600, ధర 640. అసలు ఖర్చు 650 అయితే పెరిగిన 50లో సగం కొనేవాడు భరిస్తాడు. ధర 665, మిల్లుకి 15 మిగులు. ఖర్చు 570కి దిగితే 30లో సగం కొనేవాడికి. ధర 625, మిల్లుకి 55. లెక్క చక్కగా ఉంది. చిక్కల్లా పుస్తకాలు తెరిచి చూపించాలి, చూపించినవి నిజమై ఉండాలి. కూలీలకి సగం చేతికిచ్చి సగం మస్టర్‌లో రాసే మిల్లులో ఇది నడవదు. కొత్త సరుకు, ఎవరూ ఇంతకు ముందు చేయని పని, ఖర్చు ఎంతవుతుందో ఇద్దరికీ అంతుపట్టనప్పుడు, ఆరు నెలల పాటు ఇలా నడిపి, అంకెలు తేలాక వేరే కాగితానికి మారడం మంచిది.

రేటుతో పాటు కదిలే ధర

నాకు ఎక్కువ నచ్చేది ఇదే. దీన్ని సరిగ్గా రాయాలంటే మాత్రం కూర్చోవాలి.

సూత్రం: కిలో ధర = బస్తా రేటు ÷ 22 + 140. ఆ 140లో 100 మిల్లు ఖర్చు, 40 మిగులు. బస్తా 11,000 అయితే 640. 12,100 అయితే 690. 9,900 అయితే 590. పిక్క రేటు ఎటు కదిలినా మిల్లు మిగులు 40 దగ్గరే ఉంటుంది. గమనించాల్సింది ఆ 22. అది కాగితం మీద బిగించిన అంకె. మిల్లు చాకచక్యంతో 23 దించితే కిలోకి 21 రూపాయల పైచిలుకు మిల్లువాడిదే. 20 దించితే 50 నష్టమూ వాడిదే. బజారు భారం కొనేవాడికి పోయింది, పనితనం భారం మిల్లు దగ్గరే ఉండిపోయింది. లాటు గుణం మరీ తేడాగా ఉంటుందనుకుంటే ప్రతి లాటుకీ ఇద్దరి ముందూ కటింగ్ టెస్టు చేసి, 22 బదులు ఆ అంకె వాడొచ్చు.

చిక్కులు మూడున్నాయి. ఎవరి రేటు, ఏ నెల రేటు, ఎంత కదిలితే లెక్కలోకి తీసుకోవాలి.

ఎవరి రేటు అంటే, ఇద్దరిలో ఎవరూ కదపలేని రేటు. మిల్లువాడి సొంత బిల్లులు తీసుకుంటే ఎక్కువ రేటుకి కొనడానికి వాడికి వెనకాడే కారణం ఉండదు, పైగా తోట బావగారిదే అయి ఉండొచ్చు. పిక్కల రేటు ఊరికో రకంగా పలుకుతుంది కాబట్టి, ముందే పేర్లు రాసుకున్న ముగ్గురు వ్యాపారుల నుంచి వారానికోసారి రేటు తీసుకుని, సగటు కట్టమంటాను. ముగ్గురిలో ఒకరు పర్లాకిమిడి వైపు, ఒకరు పలాస వైపు, మూడోది ఇద్దరికీ సంబంధం లేని మనిషి. దిగుమతి పిక్క మీద నడిచే మిల్లయితే డాలరు కూడా లెక్కలోకి వస్తుంది. దానికి బయట ప్రకటించే రోజువారీ రిఫరెన్స్ రేటు ఉంది కాబట్టి తగువు లేదు. కూలి, కరెంటు లాంటివి ఆ 140లోనే ఉండనివ్వండి. ఒప్పందం రెండేళ్లు దాటితే మాత్రం లేబర్ బ్యూరో ప్రకటించే కార్మికుల వినియోగదారుల ధరల సూచీతో ఏడాదికోసారి సవరించుకోవచ్చు. ప్రతి చిన్న ఖర్చుకీ ఒక సూచీ తగిలించిన సూత్రాలు చూశాను. రాసినవాడికి తప్ప ఎవరికీ అర్థం కావు, వాడు ఊళ్లో లేని రోజే బిల్లు చేయాల్సి వస్తుంది.

ఏ నెల రేటు అన్న దగ్గరే ఎక్కువమంది జారతారు. ఆగస్టులో ఇచ్చే పప్పు ఏప్రిల్‌లో కొన్న పిక్కది. సూత్రంలో ఆగస్టు బస్తా రేటు పెట్టుకుంటే, ఏప్రిల్ తర్వాత రేటు ఎక్కితే మిల్లుకి పనిచేయకుండానే లాభం, దిగితే చేయని తప్పుకి నష్టం. భారం తగ్గించుకుందామని రాసుకున్న సూత్రం కొత్త భారాన్ని తెచ్చిపెట్టినట్టు. మిల్లు ఎప్పుడు కొంటుందో ఆ నెలల రేటే పెట్టాలి. సీజన్లో మొత్తం కొనేసే మిల్లుకి ఏప్రిల్, మే సగటు, దానిపైన పైన చెప్పిన నెలకి 5 రూపాయల వడ్డీ. ఏడాదంతా కొంచెం కొంచెంగా కొనే మిల్లుకి, సరఫరాకి రెండు నెలల ముందు రేటు. దిగుమతి మీద ఆధారపడేవాళ్లు పంటల కాలాలు కూడా గుర్తుంచుకోవాలి. ఐవరీ కోస్ట్, బెనిన్ పంట దాదాపు మన పంటతో పాటే వస్తుంది, టాంజానియాది అక్టోబరు దాటాక.

ఇక ఎంత కదిలితే. బస్తాకి 50 రూపాయలు మారినప్పుడల్లా కొత్త బిల్లు రేటు వేస్తే ఇద్దరూ విసిగిపోతారు. ఒక పట్టీ పెట్టుకోండి. 11,000కి అటూ ఇటూ 5 శాతం, అంటే 10,450 నుంచి 11,550 దాకా ధర 640 కదలదు. అది దాటితే దాటినంత మేరకే ధర కదులుతుంది. బస్తా 12,100 అయితే దాటింది 550, దాన్ని 22తో భాగిస్తే 25, ధర 665. మిల్లు ఖర్చు 650 కాబట్టి 15 మిగులు. ఇంకెంత ఎక్కినా ఆ 15 కిందికి పోదు. 9,900కి దిగితే ధర 615, ఖర్చు 550, మిల్లుకి 65. చిన్న ఒడిదుడుకులు మిల్లు భరిస్తుంది, పెద్దవి కొనేవాడు. పట్టీ వెడల్పు ఎంతన్నది మిల్లు మిగులుని బట్టి ఉండాలి. 40 మిగులున్నవాడు 5 శాతం తట్టుకుంటాడు. 20 మిగులున్నవాడికి అదే పట్టీ నష్టం తెచ్చిపెడుతుంది, ఎందుకంటే 5 శాతానికే కిలోకి 25 పోతుంది.

మిఠాయి కొట్లవాళ్లు దీనికి చెప్పే అభ్యంతరం నిజమైనదే: "పండగ ముందు నా కాజూ బర్ఫీ రేటు బోర్డు మీద రాసేస్తాను, మీ సూత్రం అక్టోబరులో కదిలితే నేనెక్కడికి పోను?" అలాంటివాళ్ల కోసం ఆగస్టు 15న ధర బిగించి, దీపావళి దాకా కదలకుండా పెట్టొచ్చు. సూత్రం ఏడాదంతా తిరగాలని ఎక్కడా లేదు.

కూలి ఒప్పందం

పప్పు కావాల్సినవాడే పిక్క కొని తెస్తాడు, మిల్లు కొట్టి పప్పు ఇస్తుంది, కిలోకి ఇంత కూలి. బస్తా రేటు బాధ మిల్లుకి పూర్తిగా పోయింది, పెట్టుబడీ వడ్డీ బాధ కూడా పోయింది. డబ్బు లేని మిల్లుకీ, పిక్క కొనడం తెలిసిన పెద్ద వ్యాపారికీ ఇది సరిపోతుంది. పిక్క కొనడం తెలియని మిఠాయి కొట్టు దీని జోలికి పోకపోవడమే మేలు. తడి సరుకు అంటగడితే ఎవరినీ అడగలేడు.

తగువులొచ్చేవి ఎక్కడంటే, బస్తాకి కనీసం ఎన్ని కిలోలు తిరిగివ్వాలి, అందులో గుండు ఎంత శాతం, పెంకు ఎవరిది. పెంకుకి జీడి నూనె తీసేవాళ్ల దగ్గర ధర ఉంది, బస్తాలో సగానికి పైగా బరువు దానిదే. ముందే రాసుకోకపోతే మిల్లువాడు నాదంటాడు, పిక్క ఇచ్చినవాడు నాదంటాడు. జీఎస్టీ చట్టం ప్రకారం ఇలా పంపిన ముడిసరుకు ఏడాదిలోపు తిరిగి రావాలి, లేకపోతే పంపిన రోజునే అమ్మినట్టు లెక్కేస్తారు. చలాన్లు దాచుకోండి.

రెండు కాగితాలు ముందు పెట్టడం

ఇది కొనేవాళ్ల కోసం. ఎదుటి మిల్లు మంచిదో కాదో తెలియదు, అడిగితే అందరూ మాది 22 దిగుతుందనే చెబుతారు. ఇలాంటి చోట ఏం చేయాలన్నది ఆర్థికవేత్తలు చాలా లోతుగా ఆలోచించిన విషయం. అసలు ఖర్చు సంస్థకే తెలిసి, నియంత్రించేవాడికి తెలియనప్పుడు ఏం చేయాలో డేవిడ్ బారన్, రోజర్ మైయర్సన్ 1982లో లెక్కకట్టారు. 1986లో ఫ్రాన్స్‌కి చెందిన జీన్ జాక్ లఫాంట్, జీన్ టిరోల్ ఇంకో మెట్టు ఎక్కి, ఒకే ఒప్పందం బదులు రకరకాల ఒప్పందాలు ముందు పెడితే సమర్థుడు స్థిర ధర వైపూ, తక్కువ సమర్థుడు ఖర్చు పంచుకునే వైపూ వాళ్లంతట వాళ్లే వెళతారని చూపించారు. మైయర్సన్‌కి 2007లో, టిరోల్‌కి 2014లో నోబెల్ వచ్చింది.

మన మిల్లుకి దాన్ని ఇలా దించొచ్చు. మొదటి కాగితం: బస్తా రేటు ÷ 22 + 140. దిగుబడి ఎంతొచ్చినా మిల్లు అదృష్టం. రెండో కాగితం: కొనేవాడి మనిషి ముందు తూచి, నిజంగా దిగినన్ని కిలోలతో భాగించి, దాని మీద 115 మాత్రమే. దిగుబడి తక్కువైనా నష్టం లేదు కానీ మిగులు 15. ఏది కావాలో మీరే తీసుకోండి అనాలి. 11,000 బస్తా దగ్గర లెక్కేస్తే, 21 కిలోల పైన దించగలనన్న నమ్మకం ఉన్నవాడికి మొదటిదే లాభం. ఆ నమ్మకం లేనివాడు రెండోది తీసుకుంటాడు. ఎంచుకోవడంలోనే వాడి మిల్లు ఎలాంటిదో తెలిసిపోతుంది, మీరు ఏమీ అడగక్కర్లేదు. నేను ఒక కేటరింగ్ ఆయనకి ఇది చేయించాను. నోటితో 23 దిగుతుందని చెప్పిన మిల్లాయన రెండో కాగితం మీద సంతకం పెట్టాడు.

కోర్టు కాపాడుతుందనుకోవద్దు

"రేటు ఇంత పెరిగితే ఒప్పందం ఎలా నిలుస్తుంది, చట్టం ఒప్పుకోదు" అని చాలామంది ధీమా. చట్టం ఒప్పుకుంటుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సైన్యానికి నెయ్యి సమకూర్చిన అలోపీ పర్షాద్ కంపెనీ, పరిస్థితులు తారుమారయ్యాయి కాబట్టి ఎక్కువ ఇవ్వాలని వాదిస్తే, 1960లో సుప్రీంకోర్టు కుదరదంది. పని భారమైనంత మాత్రాన 1872 కాంట్రాక్టు చట్టం 56వ సెక్షన్ కింద ఒప్పందం రద్దు కాదు. గుజరాత్‌లోని ముంద్రాలో ఇండోనేషియా బొగ్గుతో నడిచే టాటా పవర్ కరెంటు కేంద్రం సంగతి ఇంకా పెద్దది. 2006లో యూనిట్ 2 రూపాయల 26 పైసలకి పాతికేళ్ల బిడ్ గెలిచారు. 2010లో ఇండోనేషియా తన బొగ్గు ధరల నిబంధనలు మార్చింది, బొగ్గు ఖరీదైపోయింది. 2017 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ధర పెరగడం దైవఘటన కాదనీ, పరాయి దేశం చట్టం మారడం మన ఒప్పందంలోని చట్టం మార్పు కిందికి రాదనీ తేల్చింది. అంత పెద్ద లాయర్లను పెట్టుకున్నవాళ్లకే అలా అయితే, ఒకటిన్నర పేజీ కాగితంతో మనమెంత.

తుపాను మాట కూడా అలాగే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. తిత్లీకి ఉద్దానంలో, గజపతి జిల్లాలో తోటలు నేలకొరిగాయి. మన వైపు అక్టోబరు తుపాను ఎవరూ ఊహించనిదని చెప్పలేం. కాబట్టి "అనివార్య కారణాలు" అన్న రెండు మాటలతో సరిపెట్టకుండా, తుపాను వస్తే సరఫరా ఎన్ని రోజులు ఆగొచ్చు, ఆ తర్వాత పరిమాణం ఎంత తగ్గొచ్చు, ధర సూత్రం మారుతుందా లేదా అన్నది విడిగా రాయండి.

ధర "పరస్పర అంగీకారంతో తర్వాత నిర్ణయించుకుంటాం" అని రాసుకోవడం ఇంకో ప్రమాదం. అంగీకారం కుదరకపోతే చేతిలో ఏమీ ఉండదు. మూడో మనిషి ధర చెబుతాడని రాసి, ఆయన చెప్పలేకపోతే 1930 సరుకుల విక్రయ చట్టం ప్రకారం ఇంకా ఇవ్వని సరుకుకి ఆ ఒప్పందం చెల్లదు. ముగ్గురు వ్యాపారుల్లో ఒకరు తప్పుకుంటే మిగిలిన ఇద్దరి సగటు అని ఒక వాక్యం రాసిపెట్టుకుంటే సరి.

సరిహద్దు సంగతి ఒక్కటి. 1936 ఏప్రిల్ 1న ఒడిశాని విడిగా ఏర్పరచి గీత గీశారు కానీ మన చుట్టాలూ బేరాలూ గీతకి రెండు వైపులా అలాగే ఉన్నాయి. పర్లాకిమిడి నుంచి పాతపట్నం పక్కింటికి పోయినట్టు పోతాం. జీఎస్టీకి మాత్రం అది వేరే రాష్ట్రం. కాంపోజిషన్ (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే జీఎస్టీ పథకం) కింద ఉన్న మిల్లు పక్క రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు. ఒప్పందం రాసుకున్నాక ఈ సంగతి తెలిసి తల పట్టుకున్నవాళ్లున్నారు. తగువొస్తే ఏ ఊరి కోర్టు అన్నది కూడా ముందే రాసుకోండి. చిన్న పరిశ్రమగా ఉద్యం నమోదు ఉన్న మిల్లుకి 45 రోజుల్లోపు డబ్బు రావాలని 2006 చట్టం చెబుతోంది, ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు రేటుకి మూడింతల చక్రవడ్డీ. దాన్ని అడిగేవాళ్లు తక్కువ, అడగొచ్చని కాగితంలో ఉంటే డబ్బు కాస్త ముందుగా వస్తుంది.

అయితే మీకు ఏది

పిక్క గోడౌన్లో పడి ఉంటే ఒకే ధర, నెలకింత వడ్డీ మెట్టుతో. పిక్క ఇంకా కొనలేదు, ఒప్పందం ఆరు నెలలు దాటుతుంది అంటే సూత్రం, పట్టీతో. మూడు నెలల లోపు చిన్న ఆర్డరుకి సూత్రాలు అక్కర్లేదు, కొటేషన్ మీద "ఏడు రోజుల వరకే" అని రాసి ఒకే ధర ఇచ్చేయండి. పెట్టుబడి లేకపోతే కూలి. కొత్త రుచి పప్పు, కొత్త ప్యాకింగ్, ఖర్చు తెలియదు అంటే కొన్నాళ్లు సగం సగం. మిల్లు ఎవరిదో తెలియని కొనుగోలుదారు రెండు కాగితాలు పట్టుకెళ్లాలి.

ఏదైనా సరే, పరిమాణానికి కూడా పై గీతా కింది గీతా పెట్టుకోండి. ధర బిగించి ఉన్నప్పుడు బయట రేటు ఎక్కితే కొనేవాడు రెట్టింపు అడుగుతాడు, దిగితే ఫోన్ ఎత్తడు. నెలకి 40 టిన్నులకి తగ్గకుండా, 60కి మించకుండా అని ఉంటే ఆ ఆట ఉండదు.

మా బావమరిది ఇప్పుడు జూన్‌లోనే సంతకం పెడుతున్నాడు. పోయినసారి కాగితం నాలుగు పేజీలు వచ్చింది. ఏప్రిల్, మే సగటు బస్తా రేటు, 22 కిలోలు, 5 శాతం పట్టీ, వడ్డీ మెట్టు, తుపాను, కోర్టు, అన్నీ ఉన్నాయి. ఏడాదంతా రేటు మీద ఒక్క మాట పడలేదు. చివర్లో గొడవ ఖాళీ టిన్నుల మీద వచ్చింది. అవి తిరిగివ్వాలా వద్దా అన్నది రాయడం నేనే మర్చిపోయాను.